ఒకటో తరగతికి ముందు మూడేళ్లు

జూన్ దగ్గర పడుతోందంటే చాలు, గుడివాడ బస్టాండు చుట్టూ, బందరు కోనేరు సెంటరులో నర్సరీ అడ్మిషన్ల ఫ్లెక్సీలు వెలుస్తాయి. టై కట్టుకున్న బుడతడి ఫొటో, పక్కన ఏసీ గదులు, డిజిటల్ బోర్డు, బస్సు సౌకర్యం. అవనిగడ్డ దాటి నాగాయలంక, కోడూరు వైపు వెళ్తే చాలా ఊళ్లలో చిన్నపిల్లలకు దగ్గరగా ఉన్నది అంగన్‌వాడీయే. ఫీజు కట్టగలిగినవాళ్లయినా, కట్టలేనివాళ్లయినా తల్లిదండ్రులు అడిగే మొదటి మాట మాత్రం ఒక్కటే: మావాడికి చదవడం, రాయడం ఎప్పటికొస్తుంది?

మూడేళ్ల బిడ్డ విషయంలో అది తొందరపాటు ప్రశ్న. ఆ వయసు పిల్లల బడిని ఎంచుకునేటప్పుడు అంతకన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. రోజులో ఎంతసేపు ఒక పెద్ద మనిషి ఈ బిడ్డతో మాట్లాడుతుంది? ఎంతసేపు బిడ్డ తన చేతులతో, తన ఇష్టంతో ఆడుకుంటుంది? ఈ రెంటికీ సరైన జవాబు దొరికిన చోట చదవడానికి, రాయడానికి పునాది పడుతుంది. దొరకని చోట గోడల రంగు ఎంత బాగున్నా ప్రయోజనం లేదు.

ఈ మాటకు ఆధారాలు బలంగానే ఉన్నాయి. 1962లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటీ పట్టణంలో పెర్రీ ప్రీస్కూల్ అనే చిన్న ప్రయత్నం మొదలైంది. పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మందిని రెండు గుంపులు చేశారు. 58 మందికి మంచి పూర్వ ప్రాథమిక విద్య అందింది, 65 మందికి అందలేదు. రోజుకు రెండున్నర గంటల బడి, వారానికోసారి టీచరు ఇంటికే వెళ్లి తల్లితో కూర్చోవడం, అంతే. ఏం ఆడుకోవాలో పిల్లలే అనుకుని, ఆడుకుని, చివర్లో ఏం చేశారో చెప్పేవారు. ఆ పిల్లలకు నలభై ఏళ్లు వచ్చేదాకా పరిశోధకులు వాళ్లను వదల్లేదు. బడికి వెళ్లినవాళ్లలో 65 శాతం మంది హైస్కూలు మామూలుగా పూర్తిచేశారు, వెళ్లనివాళ్లలో 45 శాతమే. అయిదుసార్లు, అంతకు మించి అరెస్టయినవాళ్లు మొదటి గుంపులో 36 శాతం, రెండో గుంపులో 55 శాతం. బడి మొదట్లో పెంచిన ఐక్యూ తేడా మాత్రం పదేళ్ల వయసుకల్లా కరిగిపోయింది. ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జేమ్స్ హెక్‌మన్ ఈ లెక్కలను మళ్లీ తిరగేసి, నిలబడింది తెలివితేటల మార్కు కాదనీ, పట్టుదల, నలుగురితో మసలుకోవడం, పని మొదలుపెట్టి పూర్తిచేయడం వంటి గుణాలనీ తేల్చాడు. ఎల్‌కేజీలో ర్యాంకు కార్డు అడిగే ప్రతి ఇంట్లో ఈ ఒక్క సంగతీ చర్చకు రావాలి.

అమెరికా సంగతి మనకెందుకనే వారి కోసం ఇంటికి దగ్గరి ఉదాహరణ ఉంది. 2011 నుంచి అయిదేళ్ల పాటు ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి రాజస్థాన్, అస్సాంతో పాటు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, అంటే ఇప్పటి తెలంగాణలో, నాలుగేళ్ల పిల్లలు దాదాపు 14 వేల మందిని ఎనిమిదేళ్లు నిండేదాకా వెంటాడి చూశాయి. చాలామంది పిల్లలు అయిదేళ్లకు బడికి కావాల్సిన సంసిద్ధత లేకుండానే ఒకటో తరగతి మెట్టెక్కుతున్నారని తేలింది. ప్రైవేటు ప్రీస్కూళ్లు ఒకటో తరగతి పాఠాన్నే కిందికి లాగి మూడేళ్ల పిల్లల చేత వల్లె వేయిస్తున్నాయి. అంగన్‌వాడీల్లో తిండి, రిజిస్టర్లు పోను పాఠానికి, ఆటకు సమయం మిగలడం లేదు. రెండుచోట్లా లోపించింది ఒకటే: వయసుకు తగిన పని. ఆటకు, మాటకు చోటున్న కేంద్రాల్లో చదివిన పిల్లలు మాత్రం ముందున్నారు.

చట్టం ఈ వయసుకు ఇప్పటికీ పూర్తి అండ ఇవ్వలేదు. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్లలోపు వారి సంరక్షణ, విద్యను 45వ అధికరణంలో ఆదేశిక సూత్రంగా ఉంచింది. ఆరేళ్ల లోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా పూర్తవుతుందని 2020 జాతీయ విద్యా విధానం రాసుకుంది, 3 నుంచి 8 ఏళ్ల వరకు ఒకే పునాది దశగా గుర్తించింది. అది విధానం, హక్కు కాదు. కాబట్టి ఒకటో తరగతికి ముందున్న ఈ మూడేళ్లలో బిడ్డకు ఏం దక్కాలో చూసుకునే బరువు ఎక్కువగా ఇంటివాళ్ల మీదే పడుతోంది.

అరగంట కూర్చుని చూస్తే తెలిసేది

బడిని ఎంచుకోవాలంటే ఆఫీసు గదిలో కూర్చుని బ్రోషర్ చదవడం చాలదు. ఉదయం పది గంటల వేళ వెళ్లి, ఒక మూలన అరగంట కూర్చోనిమ్మని అడగాలి. ఒప్పుకోని బడి గురించి అక్కడే సగం తెలిసిపోతుంది.

ఆ అరగంటలో చెవులు పెట్టి వినాలి. గదిలో ఎవరి గొంతు వినిపిస్తోంది? టీచరు ఒక్కతే చెబుతూ పిల్లలంతా ఒకే పాటగా అప్పజెబుతుంటే అక్కడ మాట ఒకవైపే ప్రవహిస్తోంది. ఒక పిల్ల లేచి మా ఇంట్లో దూడ పుట్టిందని చెప్పినప్పుడు టీచరు ఏమంటుందో గమనించాలి. కూర్చో, అక్షరాలు దిద్దు అంటే ఒక అవకాశం పోయినట్టే. ఏ రంగు దూడమ్మా, లేచి నిలబడిందా, దానికి పేరు పెట్టారా అని అడిగితే ఆ పిల్ల మరో నాలుగు వాక్యాలు కూడబలుక్కుంటుంది, పక్కనున్న ముగ్గురు వింటారు. బిడ్డ ఒక మాట విసరడం, పెద్దవాళ్లు దాన్ని అందుకుని తిరిగి ఇవ్వడం ఎన్నిసార్లు జరిగితే అంత మంచి బడి. దీనికి డబ్బుతో పనిలేదు.

తర్వాత చూపు పిల్లల చేతుల మీదికి పోవాలి. మూడేళ్ల వేళ్లకు పెన్సిలు పట్టు రాదు. అది రావడానికి ముందు బంకమన్ను పిసకాలి, కాగితం చింపాలి, పూసలు గుచ్చాలి, ముగ్గుపిండిని వేళ్ల సందుల్లోంచి జారవిడవాలి. నాలుగు గీతల పుస్తకంలో పేజీలకు పేజీలు దిద్దించే నర్సరీ కన్నా ఇసుకలో వేలితో గీయించే కేంద్రం ఆ బిడ్డకు ఎక్కువ మేలు చేస్తుంది. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ప్రతి 20 మందికి ఒక పెద్ద మనిషి ఉండాలని 2013 జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం చెబుతోంది. నలభై మందిని ఒకే గదిలో కుక్కి, ఒకే టీచరుకు అప్పగించిన చోట ఆమె ఎంత మంచిదైనా చేయగలిగింది తక్కువ.

అంగన్‌వాడీ అయితే మరో ప్రశ్న అడగాలి: పూర్వ ప్రాథమిక పాఠానికి రోజూ ఏ వేళ కేటాయించారు? ఈ ప్రశ్న టీచరును తప్పుపట్టడానికి కాదు. 1975 అక్టోబరు 2న దేశవ్యాప్తంగా 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆమె భుజాన ఆరు సేవలు పెట్టింది. గర్భిణులు, బాలింతలు, టీకాలు, బరువులు, సరుకులు, ఇప్పుడు పోషణ్ ట్రాకర్ యాప్. పిల్లల పాఠం వీటన్నిటి మధ్య నలిగిపోతుంది. తమిళనాడులో జరిగిన ఒక ప్రయోగం దీనికి దారి చూపించింది. 320 అంగన్‌వాడీల్లో సగం కేంద్రాలకు పాఠం చెప్పడానికే ఒక అదనపు మనిషిని ఇచ్చారు. పాఠం సమయం రెట్టింపయింది. లెక్కల్లో, భాషలో పిల్లలు ముందుకెళ్లారు. పాత టీచరుకు ఊపిరాడి తిండి, ఆరోగ్యం చూసుకునే వీలు చిక్కడంతో పౌష్టికాహార లోపం కూడా తగ్గింది. కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన ఈ పని ఆంధ్రప్రదేశ్‌లోని 55 వేలకు పైగా కేంద్రాలకూ వర్తించే పాఠం. 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన అంగన్‌వాడీల సమ్మె వాళ్ల వేతనాల గురించే అయినా, పిల్లల నాణ్యమైన చదువు ఆ వేతనాలతో ముడిపడే ఉంది.

కేంద్ర ప్రభుత్వం 2024లో 3 నుంచి 6 ఏళ్ల పిల్లల కోసం ఆధార్‌శిల అనే 48 వారాల పాఠ్యక్రమం విడుదల చేసింది. ఈ వారం పిల్లలతో ఏం చేయిస్తున్నారని తల్లి అడిగితే టీచరుకు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తే చేసేవాళ్లకూ ఉత్సాహం పుడుతుంది.

డెల్టా చేతికిచ్చే బొమ్మలు

ఇలాంటి చదువు పట్నాల ఖరీదైన స్కూళ్ల సొత్తని అనుకుంటే పొరపాటు. 1939 నవంబరులో మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారులో దిగి మొదటి శిక్షణ తరగతి నడిపినప్పుడు కృష్ణా జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. యుద్ధం వల్ల ఆమె 1946 దాకా ఇక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత 1955లో వేగే కోటేశ్వరమ్మ విజయవాడలో చిల్డ్రన్స్ మాంటిస్సోరి స్కూలు ప్రారంభించారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ స్కూలుకు పదేళ్ల ముందే తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ మహారాష్ట్ర తీరంలోని బోర్డీ అనే పల్లెలో పిల్లల బడిని పేదల పేటల్లోకే తీసుకెళ్లారు. ఆకులు, గింజలు, గవ్వలు, రాళ్లే అక్కడి బోధన సామగ్రి. ఈనాటి అంగన్‌వాడీ మూలాలు అక్కడున్నాయి.

బందరుకు కూడా చేత్తో నేర్చుకోవడం కొత్త సంగతి కాదు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తకం చదువు పక్కనే చేతిపనికి పీట వేసింది. అది పెద్దపిల్లల సంగతి. అదే ఆలోచన నాలుగేళ్ల పిల్లల దగ్గరికి తేవడానికి పెడనలో అరిగిపోయిన కలంకారీ అచ్చు ఒకటి చాలు. పసుపునీళ్లలో ముంచి పాత కాగితం మీద పువ్వు, ఆకు, పువ్వు, ఆకు అని అద్దుతూ పోతే తర్వాత ఏం రావాలో బిడ్డ ముందే చెబుతుంది. లెక్కలకు పునాది అదే.

ఇంట్లో సోల, తవ్వ ఇంకా మిగిలుంటే మరీ మంచిది. నాలుగు గిద్దలు పోస్తే సోల నిండుతుంది, రెండు సోలలకు తవ్వ, రెండు తవ్వలకు మానిక. గిన్నెలో బియ్యం పోసి బిడ్డ చేతికి గిద్ద ఇస్తే అరగంట కదలదు. కింద పోసుకుంటుంది, పోసుకోనివ్వాలి. చింతగింజలతో వామనగుంటలు ఆడితే పంపకం, మిగులు, ఖాళీ అన్నీ వేళ్ల కొసల్లోకి వస్తాయి.

గిలకలదిండిలో వేటకు వెళ్లే ఇంటి బిడ్డకు బడికి రాకముందే రొయ్య, పీత, మట్టగిడస, గొరక, బొచ్చె తెలుసు. ఉప్పునీళ్లలో బతికేవి ఏవి, కాలువ నీళ్లలో బతికేవి ఏవి అని టీచరు అడిగితే ఆ పిల్లాడు గదిలో అందరికన్నా ముందు చెయ్యెత్తుతాడు. ఎ ఫర్ యాపిల్ దగ్గర అదే పిల్లాడు నోరు మెదపడు. బిడ్డకు తెలిసిన దాని మీద నిలబడి తెలియని దానికి చెయ్యి చాచే బడే ఆ బిడ్డను గౌరవించినట్టు.

ఇంగ్లిష్ వద్దని దీని అర్థం కాదు. ఇంగ్లిష్ వస్తే బిడ్డ బతుకు బాగుపడుతుందన్న కూలి తల్లి ఆశను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కాని ఆ భాష గట్టిగా రావాలన్నా ముందు ఒక భాషలో కథ చెప్పడం, కారణం చెప్పడం, కోపం ఎందుకొచ్చిందో చెప్పడం రావాలి. మూడు నుంచి ఆరేళ్ల మధ్య ఆ భాష ఇంటి భాషే అయితే సులువు. ఇంగ్లిష్ పాటలు, ఆటలు పక్కనే సాగనివ్వచ్చు.

నీటి ఒడ్డున పిల్లలు

దివిసీమ తల్లిదండ్రులకు బడి ఎంపికలో మరో సంగతి చెప్పక తప్పదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత పుట్టినవాళ్లకు కూడా ఇక్కడ నీటి భయం వారసత్వంగా వచ్చింది. అయితే రెండు, మూడేళ్ల పిల్లలకు ముప్పు పెద్ద ఉప్పెనల కన్నా దగ్గర్లో ఉంది. ఇంటి ముందు పంట కాలువ, వెనక రొయ్యల చెరువు, వాకిట్లో మూతలేని తొట్టి. అమ్మ వంటలోనో, నాట్లలోనో ఉన్న వేళలో బిడ్డ గుమ్మం దాటుతుంది.

మనలాగే నీటి నడుమ బతికే బంగ్లాదేశ్ పల్లెల్లో దీనికి జవాబు వెతికారు. ఆంచల్ అనే చిన్న కేంద్రాల్లో ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా ఊరి మహిళే పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటుంది, ఆడిస్తుంది, పాటలు పాడిస్తుంది. ఆ కేంద్రాలకు వెళ్లిన పిల్లల్లో నీట మునిగి చనిపోవడం 80 శాతానికి పైగా తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు ఇలాంటి పిల్లల కేంద్రాలను నీటి ప్రమాదాలు ఆపే మార్గాల్లో ఒకటిగా సిఫారసు చేస్తోంది. అంటే దివిసీమలో రోజూ వేళకు తెరిచే అంగన్‌వాడీ, చదువు సంగతి అటుంచినా, ప్రాణాలు కాపాడే చోటు. ఆవరణకు ప్రహరీ ఉందా, గేటుకు గడియ పడుతుందా, మరుగుదొడ్డి తొట్టి మీద మూత ఉందా అన్నవి అక్షరాల కన్నా ముందు చూడాలి. లేకపోతే పంచాయతీలో అడగాలి, ఒకసారి కాకపోతే నాలుగుసార్లు అడగాలి.

ఇల్లు చేయాల్సిన సగం

ఎంత మంచి బడైనా రోజుకు కొన్ని గంటలే. మిగతాదంతా ఇల్లే. 1986-87లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఎదుగుదల కుంటుపడిన పిల్లలు 129 మందిని తీసుకుని సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ ఒక ప్రయోగం చేసింది. కొందరి ఇళ్లకు వారానికో గంట ఆరోగ్య కార్యకర్త వెళ్లి, ఇంట్లో ఉన్న వస్తువులతో బిడ్డను ఎలా ఆడించాలో, ఏం మాట్లాడాలో తల్లికి చూపించింది. రెండేళ్లు అంతే. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన అలాంటి సాయం అందని పిల్లల కన్నా 25 శాతం ఎక్కువ. తిండి విషయంలోనూ మన దగ్గరే రుజువుంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ముందు అందిన చోట, ఆలస్యమైన చోట గర్భిణులను, పిల్లల్ని పోల్చి చూశారు. చిన్నప్పుడు అదనపు ఆహారం దక్కినవాళ్లు పెద్దయ్యాక చదువులోనూ ముందున్నారు. అంగన్‌వాడీలో పెట్టే గుడ్డు, పాలు బిడ్డ నోటికి చేరుతున్నాయా అని చూడటం చదువులో భాగమే.

డెల్టా ఇళ్లలో చాలాచోట్ల పిల్లలు అమ్మమ్మ, నాయనమ్మల దగ్గరే పగలు గడుపుతారు. చదువు రాదని వాళ్లు వెనక్కి తగ్గక్కర్లేదు. ఒకే కథను రోజూ అడిగినా రోజూ చెప్పడం, మధ్యలో ఆపి తర్వాత ఏమైంది అని బిడ్డనే అడగడం, బెండకాయలు కోస్తూ పెద్దది ఏది, లేతది ఏది అని చూపించడం వాళ్లకన్నా బాగా ఎవరూ చేయలేరు. అన్నం తినడం లేదని ఫోను చేతికిచ్చే అలవాటు ఒక్కటి తగ్గించాలి. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు రోజుకు గంట మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, తగ్గితే ఇంకా మంచిదంది. ఫోను కథ చెబుతుంది గాని బిడ్డ చెప్పింది వినదు.

మూడేళ్లకు రెండు మూడు మాటలు కలిపి చెప్పలేకపోతున్నా, పిలిస్తే తిరగకపోయినా వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయని సరిపెట్టుకోవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏడాదికి రెండుసార్లు వైద్య బృందం అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల్ని పరీక్షించాలి. ప్రైవేటు నర్సరీకి వెళ్లే పిల్లల్ని కూడా ఆ రోజు అక్కడికి తీసుకెళ్లవచ్చా అని టీచరును అడిగి తెలుసుకోవాలి. వినికిడి లోపం ఎంత ముందు దొరికితే బిడ్డ అందరితో పాటు బడిలో కూర్చోగలిగే అవకాశం అంత పెరుగుతుంది.

నాట్ల రోజుల్లో అమ్మలు తెల్లవారకముందే పొలానికి వెళ్లిపోతారు, కేంద్రం తొమ్మిదికి తెరుచుకుంటుంది. ఆ మధ్య గంటల కోసం కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద అంగన్‌వాడీలోనే శిశు సంరక్షణ కేంద్రం నడిపే వీలుంది. నెలనెలా అంగన్‌వాడీలో జరిగే ఈసీసీఈ డే (పూర్వ బాల్య సంరక్షణ, విద్యా దినం) రోజున టీచరు, సూపర్‌వైజర్ తల్లుల ఎదుటే కూర్చుంటారు. పదిమంది తల్లులు కలిసి కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి, వాళ్ల ద్వారా శిశు అభివృద్ధి పథకం అధికారికి (సీడీపీఓ) చేర్చడానికి ఆ రోజు అనువైనది. జూలైలో నారు పీకడం మొదలయ్యేలోగా జవాబు కావాలంటే ఆ కాగితం ఏప్రిల్‌లోనే వెళ్లాలి.